నూటికి ఐదు తరుగు

మనుషులంతా ఒక్కటేనని సెలవిచ్చిన మహానుభావులెవరూ ప్రొఫెషనల్ బాక్సింగ్ చూసి ఉండరు. మనుషులు ఒక్కటి కాదు, పదిహేడు. నలభై ఏడు కిలోల చిల్లర దగ్గర మొదలై, తొంభై దాటాక ఇక కొలవడం దండగ అనిపించే దాకా మానవజాతిని పదిహేడు తరగతులుగా విడదీసిన ఘనత ఆ క్రీడకే దక్కింది. ఈ విభజనలో కులం చూడరు, చదువు చూడరు, ఎవరి తాలూకా అని అడగరు. కాటా ఎక్కమంటారు, అంతే. ఇంతకంటే న్యాయమైన వ్యవస్థ భూమ్మీద లేదని దక్షిణ సీమ ప్రొఫెషనల్ బాక్సింగ్ బోర్డు తన కరపత్రం మొదటి పేజీలోనే రాసుకుంది. (రెండో పేజీలో, ఎవరి కాటా వారే తెచ్చుకోవాలా అన్న సందేహానికి జవాబుంది. అక్కర్లేదట.)

పలమనేరులో ఒక పాల డెయిరీలో క్యాన్లు దించే మునికుమార్ ఈ న్యాయానికి తొమ్మిదేళ్లుగా తలవంచి ఉన్నాడు. వయసు ముప్పై ఒకటి. ఎనిమిది పోటీలు ఆడాడు, ఎనిమిదీ గెలిచాడు. రింగులో అతన్ని ఓడించిన మనిషి ఇంతవరకు లేడు. అతను ఓడిపోయింది కాటా మీదే, రెండుసార్లు.

అతనిది ఫెదర్ వెయిట్. అంటే మనిషి 55.34 కిలోల పైన, 57.15 కిలోల లోపల ఉండాలి. ఒక్క గ్రాము అటయినా ఇటయినా అతను వేరే రకం మనిషి అయిపోతాడు. ఈ తరగతుల పేర్లు అతను ఒకసారి తండ్రి చిన్నబ్బకు వివరించబోయాడు. తక్కువ బరువు వాళ్లను ఈగ అంటారని, అంతకంటే ఎక్కువుంటే కోడిపుంజు అని, ఇంకా ఎక్కువుంటే ఈక అని. ఐరాల దగ్గర నాలుగెకరాల మామిడితోట, ఇంటి వెనక డజను కోళ్లు ఉన్న చిన్నబ్బ చాలాసేపు ఆలోచించాడు.

"కోడిపుంజు కన్నా ఈక బరువెట్లవుతుందిరా?"

"అది ఇంగ్లీషోళ్ల లెక్క నాయనా."

"వాళ్లు కోడిని ఎప్పుడన్నా ఎత్తి సూసినారా?"

మునికుమార్ ఆ సందేహాన్ని బోర్డుకు రాసి పంపాడు. సంబంధిత విభాగానికి పంపామని జవాబొచ్చింది. (సంబంధిత విభాగం పశుసంవర్ధక శాఖ అని తర్వాత తెలిసింది.)

మొదటిసారి కాటా మీద అతను నూట ఇరవై గ్రాములు ఎక్కువ తూగాడు. రెండోసారి ముందు జాగ్రత్తగా తిరుమల వెళ్లి గుండు కొట్టించుకుని వచ్చాడు. వీధిలో వాళ్లు ఏం మొక్కుకున్నావని అడిగితే, అబద్ధం చెప్పడం ఇష్టం లేక, నూట ఇరవై గ్రాములని చెప్పాడు. ఆ మొక్కు చెల్లింది గానీ, కాటా ఎక్కే ముందు నోరు పుక్కిలించి, ఉమ్మడం మరిచిపోయి రెండు గుక్కలు మింగేశాడు. ముప్పై గ్రాముల తేడాతో ఆ ఏడాది కూడా పోయింది.

ఇక మిగిలింది ఒకే అవకాశం. బోర్డు నిబంధన నలభై ఒకటి ప్రకారం మూడుసార్లు తూకం తప్పినవాడి లైసెన్సు జీవితాంతం రద్దవుతుంది. అతను పదిహేడు తరగతుల్లో దేనికీ చెందడని, ఆ సంగతి అతని కుటుంబ సభ్యులకు రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేస్తామని కూడా అందులో ఉంది.

అందుకని ఈ జూన్ నెలలో, ఫెదర్ వెయిట్ ఛాంపియన్ పోటీకి, మునికుమార్ నలభై రోజుల ముందు నుంచే తిండి మానేశాడు. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఉడకబెట్టిన బీన్స్, రాత్రికి పొద్దుటి ఇడ్లీల జ్ఞాపకం. డెయిరీలో పాల క్యాన్ మూత తీస్తే వచ్చే వాసనకు కూడా బరువుంటుందేమోనని ముఖం తిప్పుకునేవాడు. భార్య కోమలి మొదట్లో తిట్టింది, తర్వాత ఏడ్చింది, చివరికి వంట చేసేటప్పుడు వీధి తలుపు మూసుకోవడం నేర్చుకుంది. కోచ్ ప్రేమానందం సార్, అంటే ముప్పై రెండేళ్లు ప్రభుత్వ బడిలో వ్యాయామం నేర్పి రిటైరైన మనిషి, రోజూ సాయంత్రం వచ్చి శిష్యుడి పక్కటెముకలు లెక్కపెట్టుకుని తృప్తిగా వెళ్లేవాడు.

తూకం రోజు రానే వచ్చింది. నిబంధన పన్నెండు ప్రకారం కాటా మీద ఈ ఏడాది ప్రభుత్వ ముద్ర ఉండాలి. బోర్డు కాటా మీద ముద్ర గడువు తీరిపోయింది. కొత్త ముద్ర కోసం పెట్టుకున్న దరఖాస్తు, కాటాను వెంట తీసుకురాలేదన్న కారణంతో తిరిగొచ్చింది. కాటాను తీసుకెళితే, దరఖాస్తు వెంట తీసుకురాలేదన్నారు. చివరికి చెల్లే ముద్ర ఉన్న కాటా దగ్గర్లో ఎక్కడుందా అని విచారిస్తే, చిత్తూరు రోడ్డు పక్కన ఒక మామిడి మండీలో ఉందని తేలింది. బోర్డు ఛైర్మన్ మునిప్రసాద్ మంచి ఆలోచనాపరుడు. కాటాతో పాటు కాటా వేసే మనిషిని కూడా మండీ నుంచే ఒక పూటకు తీసుకున్నాడు.

ఆ మనిషి పేరు ఢిల్లీబాబు. నలభై ఏళ్లుగా అదే మండీలో కాటా వేస్తున్నాడు. చిన్నబ్బ తోట కాయలు కూడా ఏటేటా ఆయన చేతి మీదుగానే పోతాయి. తోతాపురి రాశుల మధ్య, లారీ హమాలీలు బీడీలు ఆర్పేసి మరీ చూస్తుండగా, ఇరవై మంది బాక్సర్లు చెడ్డీల మీద వరుసగా నిలబడ్డారు. చిన్నబ్బ ఒక పక్కన టిఫిన్ క్యారియర్ పట్టుకుని కూర్చున్నాడు. తూకం అయ్యాక తినమని కోమలి ఇచ్చి పంపింది అది.

పక్కన బల్ల మీద లోహిత అనే అమ్మాయి బోర్డు వారి తూకసేతు యాప్ తెరిచి పెట్టుకుంది. ఆ యాప్ తయారుచేసినవాళ్లు అంతకుముందు కూరగాయల కోసం చేసిన యాప్‌లోనే పేరు మార్చి ఇచ్చారు. అందుకని అందులో ప్రతి మనిషికీ రెండు గళ్లు ఉన్నాయి. ఒకటి మొత్తం బరువు, రెండోది నికర బరువు. శిక్షణ తరగతిలో లోహిత ఈ రెండింటికీ తేడా ఏమిటని అడిగింది. రెండూ నింపడం తప్పనిసరి అని చెప్పారు.

మునికుమార్ ప్రత్యర్థి రూపేష్ రేణిగుంటలో ఒక గోడౌన్‌లో పని చేస్తాడు. మేనమామ కూతురి పెళ్లిలో మూడు రోజులు ఉండి వచ్చాడు పాపం. కాటా ఎక్కితే ఎర్ర అంకెలు 59.90 చూపించాయి. పోటీ పోయిందని అతనికీ తెలుసు. దిగి చొక్కా వేసుకోబోతుంటే వెనక నుంచి ఢిల్లీబాబు గొంతు వినిపించింది.

"యాభై ఆరూ తొమ్మిది నూర్లు."

"ఫెదర్ వెయిట్. సరిపోయింది," అంది లోహిత, రాసుకుంటూ.

రూపేష్ వెనక్కి తిరిగి వచ్చి, కాటాను రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుని, ఎవరూ మనసు మార్చుకోకముందే వెళ్లిపోయాడు.

తర్వాత మునికుమార్ ఎక్కాడు. ఎర్ర అంకెలు కాసేపు ఊగి 57.10 దగ్గర ఆగాయి. ఇంకా యాభై గ్రాములు మిగిలే ఉన్నాయి. నలభై రోజుల ఆకలి ఒక్కసారిగా కళ్లలోకి వచ్చేసింది. కళ్లు మూసుకున్నాడు. ఆ క్షణంలో అతనంత సుఖంగా ఉన్న మనిషి చిత్తూరు జిల్లాలో మరొకడు లేడు.

"యాభై నాలుగూ రెండు నలభై," అన్నాడు ఢిల్లీబాబు.

"సూపర్ బాంటమ్," అంది లోహిత. "మీరు ఫెదర్ వెయిట్ కాదన్నా. కింది తరగతి."

మునికుమార్ కళ్లు తెరిచి అంకెలు చూపించాడు. ప్రేమానందం సార్ కూడా వేలు పెట్టి చూపించాడు. ఛైర్మన్ మునిప్రసాద్ నిబంధనల పుస్తకం తెరిచి, కాటా మీద కనిపించే అంకెలు ప్రజల సమాచారం కోసం మాత్రమేనని, అధికారిక బరువు అంటే అధీకృత వ్యక్తి నోటితో చెప్పగా నికరం గడిలో ఎక్కిన బరువేనని చదివి వినిపించాడు. ఆ మూడు కిలోలు మధ్యలో ఎటు పోయాయో అక్కడున్న చదువుకున్నవాళ్లకెవరికీ అర్థం కాలేదు. చిన్నబ్బ ఒక్కడే లేవకుండా, క్యారియర్ వదలకుండా చెప్పాడు.

"తరుగు తీసినాడు."

మండీకి ఏ సరుకొచ్చినా, కాటా మీద పడిన బరువులో నూటికి ఐదు కిలోలు తీసేసి, మిగిలిందే రైతు సరుకుగా రాసుకోవడం ఆచారం. దెబ్బ తిన్న కాయలుంటాయని, తేమ ఆరిపోతుందని, దారిలో కుళ్లుతాయని. తీసేసినదాన్ని తరుగంటారు. అది మండీకే చెందుతుంది. ఎందుకు చెందుతుందని అడిగిన రైతులు కొందరున్నారు గానీ, వాళ్లు రెండో ఏడాది అడగలేదు.

"మనిషికి తరుగేందప్పా?" అన్నాడు ప్రేమానందం సార్.

"ఏ సరుకైనా నా కాటా ఎక్కితే తియ్యాల్సిందే సార్," అన్నాడు ఢిల్లీబాబు, ఏమాత్రం కోపం లేకుండా. "తేమ ఉంటుంది. మచ్చ కాయ ఉంటుంది."

"మనిషిలో మచ్చ కాయ యాడుంటుంది?"

"పైకి సూస్తే తెలుస్తుందా సార్? కోస్తే గదా తెలిసేది."

ఈ వాదనలోని న్యాయాన్ని ఛైర్మన్ పరిశీలించాడు. తర్వాత, మునికుమార్‌కు నిరాశ అక్కర్లేదని, తరగతి తప్పినవారు రెండు గంటల్లోపు బరువు సరిచేసుకుని మళ్లీ కాటా ఎక్కవచ్చని చెప్పాడు. ప్రపంచ బాక్సింగ్ చరిత్రలో ఆ రెండు గంటలూ మనుషులు పరిగెత్తడానికి, ఉమ్మడానికి, దుప్పట్లు కప్పుకుని చెమటలు కార్చడానికి వాడారు. తగ్గాలని మాత్రం ఎక్కడా రాసి లేదు.

ప్రేమానందం సార్ వెంటనే నాలుగు పేజీల అర్జీ రాశాడు. మనిషి మామిడికాయ కాడని, కనుక తరుగు తీయకుండా తూచాలని దాని సారాంశం. ఛైర్మన్ దాని మీద 'అందినది' అని ముద్ర వేసి, తగిన సమయంలో తగిన నిర్ణయం తీసుకుంటామన్నాడు. ఆ మాట వినగానే ప్రేమానందం సార్ శిష్యుణ్ని పక్కకు లాగాడు. ఇంక్రిమెంటు కోసం ఆయన రెండు వేల మూడులో పెట్టుకున్న అర్జీ మీద కూడా అదే ముద్ర ఉంది, అదే మాట ఉంది. దాని జవాబు కోసం ఆయన ఇప్పటికీ ఇంటి అడ్రసు మార్చలేదు.

"ఇది తెమిలే పని కాదు. నువ్వు తినప్పా," అన్నాడు.

"ఎంత తినాల సార్?"

ప్రేమానందం సార్ జేబులోంచి కాగితం తీశాడు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కలం కొన కొరికాడు. చిన్నబ్బ కాగితం ముట్టుకోలేదు. నలభై ఏళ్లుగా, మండీవాళ్లు తీసేది పోను చేతికి ఇంత నిలవాలంటే ఇంటి నుంచి ఎంత వేసుకుని బయలుదేరాలో ఆయన నోటితోనే లెక్కపెడుతున్నాడు.

"యాభై ఎనిమిదీ మూడు నూర్లు ఉండాల. అప్పుడు తరుగు పోను వాళ్ల కింది గీత మీద రవ్వంత జాస్తి నిలుస్తుంది. కిలో రెండు నూర్లు తిను నాయనా."

అప్పుడు క్యారియర్ తెరిచారు. మొదటి గిన్నెలో రాగి సంగటి, రెండో దాంట్లో నాటుకోడి పులుసు, మూడో దాంట్లో మజ్జిగ. ఆవిరి ఇంకా పోలేదు. మునికుమార్ మామిడి రాశికి ఆనుకుని కూర్చుని, సంగటి ముద్ద తుంచి, పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. మింగడానికి చాలాసేపు పట్టింది. నలభై రోజుల తర్వాత తిండి గొంతు దిగుతుంటే ఏడుపు వచ్చేసింది, ఏడుస్తూనే తిన్నాడు. ఇంత మంచి వంట చేసే మనిషి ఇంట్లో ఉండగా తను ఇన్నాళ్లూ ఎవరి కోసం ఎండిపోయాడా అనిపించింది. చిన్నబ్బ మండీ చిన్న తక్కెడ అడిగి తెచ్చి, ఆరు వందల గ్రాముల సంగటి, నాలుగు వందల గ్రాముల పులుసు, రెండు వందల మజ్జిగ తూచి మరీ వడ్డించాడు. (ఆ తక్కెడలో తరుగు తీయలేదు. చిన్నబ్బ సొంత తూకం కాబట్టి.)

నాలుగు దాటాక, గడువుకు అయిదు నిమిషాలుందనగా ఛైర్మన్ మునిప్రసాద్ స్వయంగా నడుచుకుంటూ వచ్చి ప్రేమానందం సార్ చేతికి ఒక కాగితం ఇచ్చాడు. అర్జీని మన్నించారు.

నేటి సాయంత్రం నాలుగు గంటల నుంచి మనుషుల తూకంలో తరుగు తీయరాదని, అంతకుముందు తీసిన తూకాలు తీసినట్టే చెల్లుతాయని, ఈ ఉత్తర్వు మామిడికాయలకు వర్తించదని అందులో ఉంది. ప్రేమానందం సార్ రెండుసార్లు చదువుకున్నాడు. ముప్పై రెండేళ్ల సర్వీసులో, ఆ తర్వాత రిటైర్మెంటులో, ఆయన అర్జీ ఒకటి మంజూరు కావడం అదే మొదలు. అక్కడున్నవాళ్లందరికీ చూపించాలనిపించింది. అప్పుడు ఖాళీ క్యారియర్ కనిపించింది.

"అయ్యో," అని చతికిలబడ్డాడు.

కాటా మీద అంకెలు 58.30 దగ్గర ఆగాయి. "యాభై ఎనిమిదీ మూడు నూర్లు," అని ఢిల్లీబాబు చెప్పాడు. తీయాల్సింది తీయకుండా చెప్పడం ఆయనకూ బాధగానే ఉంది. మునికుమార్ ఫెదర్ వెయిట్ కంటే కిలో నూట యాభై గ్రాములు ఎక్కువున్నాడు. ఇంకా మూడు నిమిషాల గడువుంది.

"గొంతులో ఏలు పెట్టుకో," అన్నాడు ప్రేమానందం సార్, దీనంగా.

మునికుమార్ ఖాళీ క్యారియర్‌కు మూత పెట్టాడు. "కోమలి చేసింది సార్," అన్నాడు. ఆ మూడు నిమిషాలూ అలాగే గడిచిపోయాయి.

రూపేష్ పోటీ లేకుండా ఫెదర్ వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. మూడోసారి తూకం తప్పిన మునికుమార్ కోసం ఛైర్మన్ నిబంధన నలభై ఒకటి తీశాడు. చదువుతూ చదువుతూ చివర్లో ఒక ఉపనిబంధన దగ్గర ఆగి, కళ్లద్దాలు సర్దుకున్నాడు. తూకం తప్పినవాడు ఏ తరగతిలో తేలితే ఆ తరగతిలో ప్రత్యర్థి దొరికి, పోటీ జరిగితే, అతన్ని తప్పినవాడిగా కాక ఎదిగినవాడిగా పరిగణించవచ్చట. లైసెన్సు నిలుస్తుంది. మునికుమార్ ఇప్పుడు తేలింది సూపర్ ఫెదర్ వెయిట్‌లో, అంటే 58.97 కిలోల లోపల. ఆ తరగతిలో ఆ రోజు ఇంకెవరైనా ఉన్నారా అని ఛైర్మన్ లోహితను అడిగాడు.

లోహిత బాధ వేరేగా ఉంది. సాయంత్రం నుంచి యాప్ ఆ రోజు తూకాలను మూయనివ్వడం లేదు. ఇరవై మంది మొదటి తూకాల మొత్తం 1172 కిలోలు, నికరం 1113.40. మధ్యలో 58.60 కిలోలు ఎవరివో చెప్పమని యాప్ నిలదీస్తోంది. ఆ అమ్మాయి నిజాయితీగా ఢిల్లీబాబును అడిగింది, ఆయనా నిజాయితీగానే చెప్పాడు. పేరు దగ్గర తరుగు అని రాసింది. తండ్రి పేరు లేకుండా యాప్ ముందుకు పోలేదు కాబట్టి మండీ అని రాసింది. ఊరు చిత్తూరు. ఫోటో తప్పనిసరి అంటే ఖాళీ కాటాకు ఫోటో తీసి పెట్టింది. కళ్లు మూసుకున్నట్టుగా ఉన్నాయి, మళ్లీ తీయండి అని యాప్ ఒకసారి తిప్పి పంపింది, రెండోసారి ఒప్పుకుంది. ఆఖరున 'నమోదు విజయవంతం' అని ఆకుపచ్చ గుర్తు పడింది.

"ఒకరున్నారు సార్," అంది లోహిత, తెర చూసి చదువుతూ. "సూపర్ ఫెదర్. యాభై ఎనిమిది పాయింట్ అరవై. చిత్తూరు. ఇంతవరకు ఓటమి లేదు."

"దేవుడున్నాడు," అన్నాడు ఛైర్మన్, మునికుమార్ భుజం తట్టి. "సంతకం పెట్టప్పా. ఆదివారం పోటీ."

లైసెన్సు కోసం మునికుమార్ సంతకం పెట్టాడు. పెట్టాక లెక్క చూసుకుంటే, ఆ ప్రత్యర్థిలో రెండు కిలోల ఎనిమిది వందల అరవై గ్రాములు తన సొంతమేనని తేలింది. తనను తానే కొట్టుకోవడం నిబంధనలకు విరుద్ధమా అని ఛైర్మన్‌ను అడిగాడు. అయిదు శాతం లోపల అయితే అభ్యంతరం లేదన్నారు.

ఆదివారం రేణిగుంటలో ఒక కల్యాణ మండపంలో, పొద్దుటి పెళ్లి అయిపోయి సాయంత్రం రిసెప్షన్ మొదలయ్యేలోపు రింగు కట్టారు. పెళ్లికూతురు పెళ్లికొడుకు పేర్ల పూల బోర్డు తీయడానికి టైము చాలక అలాగే వదిలేశారు. రెండు వందల మంది వస్తారని బాక్సింగ్ బోర్డు వారు అనుకున్నారు. పోస్టర్ల మీద తరుగు పేరు చూసి ఐరాల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు ట్రాక్టర్లేసుకుని వచ్చారు. బాక్సింగ్ అంటే ఏమిటో వాళ్లలో సగం మందికి తెలియదు. ఎవరో ఒకడు తరుగును నలుగురి ముందు నిలబెట్టి కొడతాడట, అది తెలిసింది, చాలనుకున్నారు. వాళ్ల మధ్య నుంచి రింగులోకి నడుస్తుంటే, గెలవకపోతే ఈ ముఖాలను మళ్లీ ఎలా చూడాలా అని మునికుమార్‌కు మొదటిసారి భయం వేసింది.

ఎదుటి మూలలో ఒక స్టూలు, ఒక నీళ్ల సీసా, ఒక తువ్వాలు ఉన్నాయి. మండీ తరఫున ఢిల్లీబాబు వచ్చి స్టూలు వెనక నిలబడ్డాడు. రిఫరీ ఇద్దరినీ మధ్యకు పిలిచి, నడుం కింద కొట్టవద్దని, తలలతో పొడవవద్దని చెప్పాడు. గంట మోగింది.

మొదటి రౌండులో మునికుమార్ ఏం చేయాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోరాడే ఉద్దేశం కనబరచడం లేదని రిఫరీ అతన్ని హెచ్చరించాడు. (తరుగును హెచ్చరించలేదు. దాని ఉద్దేశం అందరికీ తెలిసిందే.) రెండో రౌండు నుంచి అతను కొట్టడం మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో కొట్టాడు, కుడి చేత్తో కొట్టాడు, మూలకు తరిమి కొట్టాడు. రైతులు కుర్చీల మీదకెక్కి, డొక్కలో గుద్దమని, నెత్తి మీద మొట్టమని, ఎవరి నష్టాన్ని బట్టి వాళ్లు సలహాలిచ్చారు. రౌండు రౌండుకూ ఢిల్లీబాబు ఖాళీ స్టూలుకు తువ్వాలుతో విసిరాడు. అలసట కనిపించలేదు అటువైపు. పదో రౌండు గంట మోగేసరికి మునికుమార్ తాడు పట్టుకుని గానీ నిలబడలేకపోయాడు.

ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఏకగ్రీవంగా తరుగుకు నూరు, మునికుమార్‌కు తొంభై మార్కులు ఇచ్చారు. మునికుమార్ నాలుగు వందల పన్నెండు దెబ్బలు విసిరాడని, ఒక్కటీ తగలలేదని, తన మీద చెయ్యి పడకుండా చూసుకోవడంలో ఇంతటి నైపుణ్యం తాము ఏ రింగులోనూ చూడలేదని వివరణలో రాశారు. రిఫరీ మునికుమార్ పక్కన గాలిలోకి చెయ్యెత్తాడు. బెల్టును స్టూలు మీద పెట్టారు.

పోటీ తర్వాత డాక్టర్ కాటా మీద నిలబెడితే మునికుమార్ 56.30 ఉన్నాడు. అచ్చంగా ఫెదర్ వెయిట్. చెమటలో పోయిన ఆ రెండు కిలోలు ఎవరి పేర రాయాలని లోహిత అడిగింది. ఢిల్లీబాబు స్టూలు వైపు చూశాడు. దాంతో ఛాంపియన్ బరువు 60.60కి పెరిగి, పై తరగతి బెల్టుకు కూడా అర్హత వచ్చింది.

రైతులు చప్పుడు చేయకుండా ట్రాక్టర్లెక్కి వెళ్లిపోయారు. వాళ్లకు కోపం కూడా రాలేదు, అదే మునికుమార్‌ను ఎక్కువ బాధపెట్టింది. లైసెన్సు నిలిచింది. ఎనిమిది గెలుపుల పక్కన ఇప్పుడు ఒక ఓటమి ఉంది, అదీ రింగులోనే. మెట్ల మీద తల వంచుకుని కూర్చుంటే చిన్నబ్బ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఊరుకో నాయనా. నలభై ఏండ్లుగా నేనూ దాంతోనే కొట్లాడతా ఉండాను. నువ్వు పది రౌండ్లు నిలబడినావు. నేను యాడ నిలబడినాను, గంట కొట్టకముందే సంతకం పెట్టేసి వచ్చేవాణ్ని."

మర్నాడు పొద్దున తోటలో ఆఖరి కోత కాయలు ట్రాక్టర్‌కెత్తి మండీకి తీసుకెళ్లారు. డెయిరీకి సెలవు పెట్టి మునికుమార్ కూడా వెళ్లాడు. దారిలో ప్రేమానందం సార్ ఎక్కాడు, శిష్యుణ్ని ఒంటరిగా వదలడానికి మనసొప్పక. మండీ గుమ్మానికి కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో బెల్టు మెరుస్తోంది, బెల్టు వెనక ఖాళీ కాటా నవ్వుతున్నట్టు కనిపించింది. ఢిల్లీబాబు కాయలు తూచి, నూటికి ఆరు తీసి చీటీ రాశాడు.

"ఏందబ్బా, మొన్నటి దాకా ఐదే గదా?" అన్నాడు చిన్నబ్బ.

"మొన్నటి దాకా అది మామూలు తరుగు," అన్నాడు ఢిల్లీబాబు, నొచ్చుకుంటూనే. "ఇప్పుడు ఛాంపియన్ గదప్పా."

చిన్నబ్బ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రేమానందం సార్ మాత్రం ఊరుకోలేకపోయాడు. ట్రాక్టర్ బానెట్ మీద తెల్లకాగితం పరిచి, పెన్ను మూత తీసి, అర్జీ మొదలుపెట్టాడు. మునికుమార్ మెల్లగా ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని, మూత పెట్టి తిరిగి ఆయన జేబుకే తగిలించాడు.

"వద్దు సార్. మన్నించినా మన్నిస్తారు."